నడుము కోసం చేసుకున్న బల్ల

ఒంట్లో నడుము అనేదొకటి ఉందని ఆరోగ్యంగా తిరిగే మనిషికి గుర్తుండదు. సువార్తకు మాత్రం ముప్ఫై నిండకుండానే గుర్తొచ్చింది. మామూలుగా కాదు, పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా పిలిచి పిలిచి మరీ గుర్తు చేస్తోంది.

తప్పంతా కుర్చీది. ఉరవకొండకు ఆనుకుని ఉన్న ఎర్రదిన్నెలో, రెండు గదుల ఇంట్లో, ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని సువార్త బెంగళూరు కంపెనీకి పని చేస్తుంది. అది బోరు మోటార్లు అమ్మే కంపెనీ. మోటారు కాలిపోయిందనో, స్టార్టర్ పట్టడం లేదనో తెలుగు రైతులు ఫోన్ చేస్తే, ఆ ఫోను ఎక్కడెక్కడో తిరిగి చివరికి సువార్త చెవిలో మోగుతుంది. మోటారు కంపెనీది, ఎండిన పైరు రైతుది, తిట్లు మాత్రం సువార్తవి. తిట్లకు ఆమె ఏనాడూ బాధపడలేదు. డిగ్రీ చదివి కూడా శెనక్కాయలు ఒలిచే మిషను దగ్గర దుమ్ము మింగుతూ కూలి చేసిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి, ల్యాప్‌టాప్ చేతికిచ్చి జీతమిస్తామన్నారు. ఎవరో ఆత్మకూరు నుంచి నాలుగు తిట్లు తిడితే ఏం పోయింది? పోయింది నడుమే.

అనంతపురం డాక్టరు స్కానింగు ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, "వెన్నుపూసల మధ్య డిస్కు కదిలిందమ్మా. నిలబడు, నడువు, పడుకో, నీ ఇష్టం. కూర్చోవడం మాత్రం తగ్గించు" అన్నాడు. ఆ వారమే కంపెనీలో ఆమె పైఅధికారి భారతి మేడం ఫోన్ చేసింది. "సువార్తా, నువ్వు కాల్ మధ్యలో లేచి లేచి పోతున్నావు. రికార్డింగులో నీ మూలుగు వినిపిస్తోంది. మోటారు కాలి ఏడుస్తున్న రైతుకు అవతల నువ్వు కూడా మూలిగితే ఎట్లా? వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే నిన్ను ఉంచుకోరు. నేనేం చేయలేను."

కూర్చుంటే నడుము పోతుంది. లేస్తే ఉద్యోగం పోతుంది. ఇక మిగిలింది నిలబడి పని చేయడం. సువార్త ఫోనులో వెతికింది. నిలబడి పని చేసుకునే బల్లలు లోకంలో ఉన్నాయట. మీట నొక్కితే లేస్తాయి, మళ్లీ నొక్కితే దిగుతాయి. వాటి ధర చూసి ఫోను బోర్లా పెట్టేసింది. తర్వాత ఇంకో వీడియోలో ఒకామె రంపం పట్టుకుని, ఇంట్లో పడి ఉన్న చెక్కలతో తనే చేసుకుని చూపించింది. ఆమె చేసింది మనమెందుకు చేయలేం అనుకుంది సువార్త.

మొగుడు ఇమ్మానుయేల్ మాత్రం నమ్మలేదు. అతనికి టెంపో ఉంది, టమోటాలు తోలుతాడు. రోజంతా కూర్చునే చేసే పని కాబట్టి నిలబడి చేసే పని మీద అతనికి గౌరవం లేదు.

"నిలబడేదానికి బల్ల ఏంటికబ్బా? కాళ్లుండాయి గదా!"

"ల్యాప్‌టాప్‌కు లేవు గదప్పా. దాన్ని ఎవురు నిలబెడ్తారు?"

ఇమ్మానుయేల్ లేచి చెక్కల కోసం వెతికాడు. ఇంటికి ఇనుప తలుపులు పెట్టించినప్పుడు ఊడదీసిన పాత వేప తలుపులు రెండు మేకల కొట్టంలో గోడకు ఆనించి ఉన్నాయి. వాటిని బయటికి లాగారు. మామ యేసన్న రాప్తాడులో కూతురింటికి పోయి ఉన్నాడు గనక ఇల్లంతా చెక్కపొట్టు చేసినా అడిగేవాడు లేడు.

ముందు ఎత్తు చూడాలి. మోచేతులు ఎంత ఎత్తులో ఉంటే బల్ల అంత ఎత్తు ఉండాలని వీడియోలో చెప్పారు. సువార్త గోడకు ఆనుకుని నిలబడి చేతులు మడిచింది. ఇమ్మానుయేల్ బొగ్గుతో గీత గీసి, కాసేపు దాన్ని చూసి, "ఇంత పొట్టిగుండావా నువ్వు?" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు కొలత పెట్టి చూశాడు మహానుభావుడు.

తర్వాత జరిగినవన్నీ ఒక్కొక్కటిగా చూస్తే న్యాయంగానే జరిగాయి. పెరటి తలుపు చదునుగా ఉంది కాబట్టి దాని చట్టాలతో కాళ్లు చేసి, మిగతాది కోసి పైన పరిచారు. నిలబడి చూస్తే ల్యాప్‌టాప్ కిందికుంది, మెడ వంగుతోంది. నడుముతో పడుతున్నది చాలదా, మెడ కూడా ఎందుకని పైచెక్కను తనవైపు కొంచెం ఏటవాలుగా బిగించింది. ఏటవాలు చేస్తే ల్యాప్‌టాప్ జారుతోంది. జారకుండా కింది అంచుకు చిన్న పట్టీ కొట్టింది. ఇంతలో మేకపిల్ల వచ్చి బల్ల కింద వేలాడే వైరు నోట్లో పెట్టుకుంది. "కరెంటు కొట్టి సచ్చేను" అని ఇమ్మానుయేల్ దాన్ని ఈడ్చి పారేసి, బల్ల ముందు భాగం మూసేయాలన్నాడు. మూయడానికి వీధి తలుపు ఉంది. దాన్ని పైనా కిందా కోసి పొట్టి చేసి ముందర నిలబెట్టి మేకులు కొట్టాడు. ఆ తలుపు నాలుగు పలకల తలుపు. పలకల మధ్య ఒక నిలువు చెక్క, ఒక అడ్డ చెక్క. మిగిలిపోయిన వార్నిష్ పూసేసరికి ఆ రెండు చెక్కలూ మిలమిలా మెరిశాయి.

ఇద్దరూ దూరంగా నిలబడి చూసుకున్నారు. కాళ్లు నేల మీద సమంగా ఆనాయి, ఊగడం లేదు. సువార్తకు గర్వంతో కళ్లు చెమర్చాయి. ల్యాప్‌టాప్ పెట్టి నిలబడి చూసింది. నడుము ఎన్నో నెలల తర్వాత మొదటిసారి నోరు మూసుకుంది. అది పుల్పిట్ లాగా ఉందన్న ఆలోచన ఆ ఇద్దరిలో ఒక్కరికైనా వచ్చిందా అంటే, ఒట్టు, రాలేదు. తమ చేత్తో పుట్టించిన వస్తువు ఎవరి పోలికో తల్లిదండ్రులకు కనిపించదు.

పుల్పిట్ అంటే చర్చిలో పాస్టరయ్యగారు బైబిలు పెట్టుకుని ప్రసంగం చేసే పీఠం. ఎర్రదిన్నె చర్చిలో ఒకప్పుడు ఒకటి ఉండేది. లోపల చెదలు తిని పైకి మాత్రం బాగా కనబడేది. ఒక ఆదివారం అయ్యగారు "గోడలు కూలినవి!" అని దాని మీద గుద్దేసరికి గోడల కంటే ముందు అదే కూలింది. ఆ రోజు సంఘ పెద్ద లేచి నిలబడి, మీసం దువ్వి, "ఈ తూరి శెనక్కాయలు పెరికినాక కొత్త పుల్పిట్ నేను చేయిస్తా. ఇది నా మొక్కు" అన్నాడు. ఆ సంఘ పెద్దే సువార్త మామ యేసన్న.

ఆ ఏడు వాన రాలేదు. మరుసటేడు కాయలు పెరికి కుప్ప వేసిన తర్వాత వచ్చింది. ఇంకో ఏడు పురుగు వచ్చింది. అయ్యగారు ఇనుప స్టూలు మీద ఇంకో స్టూలు పెట్టి, పైన దుప్పటి కప్పి ప్రసంగం చేస్తూ వచ్చారు. ప్రతి క్రిస్మస్‌కూ ఎవరో ఒకరు "ఏమప్పా యేసన్నా, పుల్పిట్ ఎంతదాకా వచ్చె?" అని నవ్వుతూ అడిగేవాళ్లు. యేసన్న కూడా నవ్వేవాడు. ఇంటికొచ్చాక అన్నం ముట్టేవాడు కాదు.

అలాంటి యేసన్న శనివారం మధ్యాహ్నం రాప్తాడు నుంచి బస్సు దిగి, సంచీ భుజాన వేసుకుని ఇంట్లో కాలు పెట్టాడు. ఎదురుగా వేప చెక్కతో, ఏటవాలు తలతో, పుస్తకం జారకుండా పట్టీతో, ముందరంతా మూసి, నడిమధ్య మెరిసే సిలువతో పుల్పిట్ నిలబడి ఉంది.

యేసన్న భుజం మీది సంచీ జారి కింద పడింది.

"సువార్తా... ఇది..."

"అది మామా, నా నడు..."

"మాట్లాడాకమ్మా!" అని తలగుడ్డ తీసేశాడు. అక్కడే నేల మీద మోకాళ్లు వేశాడు. "ప్రభువా! నేను చేయలేకపోయింది నా కోడలి చేత చేయించినావు తండ్రీ! నా సిగ్గు కప్పినావు..." అని గొంతెత్తి ప్రార్థన మొదలుపెట్టాడు.

ఎర్రదిన్నెలో ఏ ఇంట్లో ప్రార్థన వినబడినా పక్కింటివాళ్లు చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చోవడం వాడుక. ఎదురింటి ముసలమ్మ మారెమ్మ మొదట వచ్చింది. ఆమె వెనకాల వీధి సగం వచ్చింది. వచ్చిన ప్రతివాళ్లూ బల్లను చూసి, సువార్తను చూసి, "స్తోత్రం" అన్నారు. ఇమ్మానుయేల్ టెంపో ఆపి లోపలికొచ్చి, "నాయనా, అది పుల్పి..." అని నోరు తెరవగానే సువార్త అతని కాలు కసుక్కున తొక్కింది.

ఎందుకు తొక్కింది? మామ కళ్లలో నీళ్లు ఆమె ఎప్పుడూ చూడలేదు. అత్త చనిపోయిన రోజు కూడా ఆ మనిషి గొంతు సవరించుకుని శవపెట్టె మోశాడు. అలాంటివాడు ఇప్పుడు మీసాల మీదుగా కారుతున్న నీళ్లు తుడుచుకోకుండా, ఊరందరి ముందూ తల పైకెత్తి ఏడుస్తున్నాడు. "అయ్యో మామా, అది నా నడుముకు చేసుకున్న బల్ల" అని ఆ కన్నీళ్ల ముందు ఏ నోటితో చెప్పాలి? చెప్పలేకపోయింది. లోలోపల మాత్రం ఏడుపొచ్చింది. నా బల్లా, నా ఉద్యోగం అని గుండె కొట్టుకుంది.

మరుసటి రోజు కంజీర వాయిస్తూ, పాటలు పాడుతూ బల్లను దిన్నె మీది చర్చికి మోసుకుపోయారు. అయ్యగారు ప్రతిష్ఠ ప్రార్థన చేసి, బైబిలు తెరిచి, దాని వెనక నిలబడ్డారు. నిలబడ్డాక తెలిసింది అసలు సంగతి. ఆయన ఆరడుగుల మనిషి. బల్ల సువార్త మోచేతి ఎత్తు. పాపం ఆయన బాగా వంగి చదవాల్సి వచ్చింది. వంగి ఎంతసేపు చదువుతారు? ఎప్పుడూ ఎండ నడినెత్తికి వచ్చేదాకా సాగే ప్రసంగం ఆ రోజు ఇళ్లలో సంగటి ఆరకముందే ముగిసింది. సంఘానికి ఆ పుల్పిట్ ఎంతగా నచ్చిందో చెప్పలేం. అయ్యగారు మాత్రం నడుము పట్టుకుని, "యేసన్నా, దీని కింద ఇటుకలు పెట్టించు" అని చిన్నగా చెప్పి వెళ్లారు. సువార్తకు ఆయన మీద జాలి వేసింది. నడుము సంగతి ఆమెకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?

సోమవారం నుంచి ఆమె అవస్థలు మొదలయ్యాయి. ఇంకో బల్ల చేసుకోవచ్చు కదా అంటారేమో. చేసుకుంటే మామ చూడడా? "ఇదేంటికమ్మా?" అని అడగడా? అడిగితే మొదటిది ఎందుకు చేసిందో తెలిసిపోదా? అందుకని ల్యాప్‌టాప్‌ను శెనక్కాయల మూటల మీద పెట్టింది. మూట కుంగి ల్యాప్‌టాప్ పక్కకు ఒరిగింది, పత్తికొండ రైతు తన మాటకు ఎవరూ పలకడం లేదని బండబూతులు తిట్టాడు. ఫ్రిజ్ మీద పెట్టింది. చేతులు పైకెత్తి టైపు చేయాల్సి వచ్చింది, పైగా ఇమ్మానుయేల్ పెరుగు కోసం తలుపు లాగినప్పుడల్లా ల్యాప్‌టాప్ గుండె, ఆమె గుండె ఒకేసారి జారేవి. కొట్టం గోడ మీద పెట్టింది. అక్కడ మేకలు ఆమె కంటే గట్టిగా మాట్లాడేవి. "అదేం చప్పుడు సువార్తా, ఆఫీసులో మేక ఉందా?" అని భారతి మేడం అడిగింది. చివరికి మళ్లీ కుర్చీలో కూర్చుంది. సాయంత్రానికి నడుము పట్టేసి, గోడ పట్టుకుని లేచింది. తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు తట్టింది. వారమంతా చర్చి ఖాళీగానే ఉంటుంది కదా! అయ్యగారు ఉరవకొండ నుంచి ఆదివారం మాత్రమే వస్తారు. చల్లగా ఉంటుంది, మైకు కోసం పెట్టిన ప్లగ్గు ఉంది, దిన్నె మీద సిగ్నలు బ్రహ్మాండంగా వస్తుంది. అన్నిటికీ మించి తన బల్ల అక్కడే ఉంది. చర్చికి తాళం వేసి ఉంటుంది, ఆ బీగం చెవి మాత్రం మామ మొలతాడుకు ఉంటుంది.

"మామా, చర్చి రోజూ ఊడ్చి శుభ్రం చేస్తా. బీగం చెవి నాకిస్తారా?"

యేసన్న ఆమె ముఖంలోకి చూడలేదు. ఒక్క మాట కూడా అడగకుండా చెవి తీసి చేతిలో పెట్టాడు.

ఆ రోజు నుంచి సువార్త బతుకు బాగుపడింది. పొద్దున్నే నిజంగానే ఊడ్చేది, అబద్ధమాడిన పాపం కొంతైనా తగ్గుతుందని. తర్వాత బల్లను ఒక్కో పక్కకు వాల్చి కింది ఇటుకలు తీసి మూలన పేర్చి, ల్యాప్‌టాప్ పెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి నిలబడేది. శనివారం సాయంత్రం యేసన్న పోయి ఇటుకలు మళ్లీ పెట్టేవాడు. సోమవారం ఈమె మళ్లీ తీసేది. ఇటుకలు ఎవరు తీస్తున్నారని ఆయన అడగలేదు. అడగనందుకు ఈమె దేవుడికి స్తోత్రాలు చెప్పుకుంది. భారతి మేడం కూడా, "ఈ మధ్య నీ గొంతు చాలా బాగుంది సువార్తా, చక్కగా మోగుతోంది" అంది. చర్చి పైకప్పు అలాంటిది మరి.

ఊరు మాత్రం ఊరుకుంటుందా? యేసన్న కోడలు పొద్దస్తమానం పుల్పిట్ దగ్గర నిలబడి ఒంటరిగా మాట్లాడుతోందని పుకారు లేచింది. దర్శనాలొస్తున్నాయని కొందరన్నారు. "దర్శనం కాదు, స్టార్టరు గురించి ఏందో చెప్తాంది" అని కిటికీలోంచి విన్నవాళ్లు అన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం మారెమ్మ ఎండకు తాళలేక చర్చిలోకి వచ్చి వెనకాల చాప మీద కూర్చుంది. సువార్త గమనించలేదు. అప్పుడే ఒక ఫోను వచ్చింది. అవతల మనిషి మాట్లాడడం లేదు, గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడడం లేదు. కంపెనీ నేర్పిన మాటలనే సువార్త తల ఎత్తి, గొంతు పెంచి, ఎదురుగా చూస్తూ పలికింది. "చెప్పండి. మీ ఇబ్బంది ఏమిటో చెప్పండి. నేను వింటున్నాను."

మారెమ్మ అటూ ఇటూ చూసింది. ఇంకెవరూ లేరు. అడిగింది తననే.

"ఏం చెప్పేదమ్మా," అని మొదలుపెట్టింది. "నాకు పాట పాడాలని శానా ఏండ్ల నుంచి ఉండాది. నా గొంతు బొంగురని ఎవురూ పాడనీరు. పండగప్పుడన్నా ఒక పాట ఇయ్యమని అడగాలనుకొంటి. సిగ్గేసె. ఇంట్లో మేకల ముందర పాడుకుంటా. అవీ లేచిపోతాయి."

ఫోను ఎప్పుడో కట్టయిపోయింది. సువార్త హెడ్‌ఫోన్ తీసి మెడ మీద వేసుకుంది. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు.

"అవ్వా, నేను ఫోన్లో మాట్లాడతాంటి."

"యాడ మాట్లాడితే ఏం? నువ్వు అడిగినావు, నేను చెప్తి," అంది మారెమ్మ. "ఆడ నిలబడినోల్లంతా వినండి, వినండి అన్యోల్లే. వింటానని ఎవురూ అనలే. నువ్వే ఫస్టు."

గుమ్మంలో దగ్గు వినిపించింది. యేసన్న నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి విన్నాడో ఏమో. బల్ల మీద ల్యాప్‌టాప్, పక్కన నీళ్ల బాటిలు, మూలన ఇటుకలు, దాచడానికి ఏమీ లేదు. యేసన్న మెల్లగా వచ్చి మారెమ్మ పక్కన చాప మీద, సంఘ పెద్దగా తానెప్పుడూ కూర్చోని చోట, కూలబడ్డాడు.

"సువార్తా, నాకూ ఒక ఇబ్బంది ఉండాది. చెప్పుకోవాల."

"మామా, నేనే చెప్తా, నన్ను క్షమించండి, ఈ బల్ల..."

"ఆ బల్ల నీదని నాకు ఆ పొద్దే తెల్సు."

సువార్త ల్యాప్‌టాప్ మూసింది.

"గడప తొక్కంగానే పుల్పిట్ అనుకొంటి. అది అబద్ధం కాదు. మోకాళ్లు వేసినాక నీ మొగం చూస్తి. చూసినాక తెల్సిపాయ, నువ్వు దీన్ని చర్చికి చేయలేదని. అప్పటికే నోట్లోంచి ప్రార్థన వచ్చేసె. ఆపలేకపోతి..." అని ఆగి, తల అడ్డంగా ఊపాడు. "ఆపలేక కాదమ్మా. ఆపబుద్ధి కాలే. ఇన్నేండ్లు ఆ స్టూలు చూసినప్పుడల్లా తల వంచుకోని కూసుంటి. ఒక్క వారం తలెత్తుకోని కూసుంటా, ఆమీట చెప్తా అనుకొంటి. ఒక వారం పాయ, ఇంకో వారం పాయ. నువ్వు ఫ్రిజ్ మీద చేతులెత్తి పని చేస్తాంటే చూసినా. రాత్రిళ్లు గోడ పట్టుకోని లేస్తాంటే చూసినా. చూసి గమ్మునుంటి. నువ్వు బీగం చెవి అడిగినప్పుడు బతికిపోతినిరా అనుకొంటి."

సువార్తకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండింది. తన మంచితనమంతా, ఇన్ని వారాల దాపరికమంతా, తెలిసిన మనిషి ముందు ఆడిన నాటకమని తెలిస్తే ఎవరికి మండదు?

"తెల్సీ గమ్మునున్యారా మామా? నా నడుము ఇరిగిపాయ! ఉద్యోగం పోతాదని ఏడ్వని పొద్దు లేదు! మీరు బాధపడ్తారని నేను నోరు కుట్టుకొంటి, మీరేమో..."

"తిట్టమ్మా, బాగా తిట్టు," అంది మారెమ్మ పక్కనుంచి.

తిట్టింది. ఇన్నాళ్లుగా రైతుల దగ్గర వింటూ వచ్చినవి చాలానే నోటికి వచ్చాయి గానీ, మామ కదా, ఏరి ఏరి మంచివి మాత్రమే తిట్టింది. యేసన్న తల వంచుకుని అన్నీ విన్నాడు. ఆమె ఆయాసపడి ఆగాక లేచాడు. ల్యాప్‌టాప్ తీసి ఆమె చేతికిచ్చాడు. తలగుడ్డ విప్పి చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, వంగి, ఆ వేప చెక్కల బరువంతా ఒక్కడే నెత్తికెత్తుకున్నాడు.

"మామా, యాడికి? ఆయన వచ్చినాక టెంపోలో ఏస్కపోదాం!"

"నేనే మోస్తా."

మిట్టమధ్యాహ్నం దిన్నె దిగాడు. ముందు బల్ల మోస్తూ యేసన్న, వెనక ల్యాప్‌టాప్ గుండెకు హత్తుకుని సువార్త, ఆమె వెనక పాట సంగతి ఇంకా తేలలేదని మారెమ్మ. కొళాయి దగ్గర బిందె పట్టుకున్న లక్ష్మక్క నోరు వెళ్లబెట్టింది.

"ఏమప్పా యేసన్నా, పుల్పిట్‌కు ఏమాయ?"

"పుల్పిట్ కాదు లక్ష్మక్కా. ఇది మా కోడలి బల్ల. నడుము నొప్పికని చేసుకొన్యది. నేను ఏస్కపోయి నా మొక్కు తీరిందని చెప్పుకొంటి."

ఆ మాట అనడానికి ఆగాడు. మెడ నరాలు తేలుతున్నా దించలేదు. టీ అంగడి ముందు ఎవరూ అడగలేదు, అందరూ చూస్తున్నారంతే. అక్కడా ఆగాడు. అదే మాట మళ్లీ చెప్పాడు. ఆడిపోసుకునేవాళ్లు ఎక్కువగా కూర్చునే రచ్చబండను తప్పించుకుపోయే అడ్డదారి ఉన్నా ఆ దారి తొక్కలేదు, వాళ్ల ముందు నుంచే పోయాడు. ఒక్కరు కూడా నవ్వలేదు. సువార్తకు కోపం ఎక్కడ పోయిందో తెలియలేదు. ఇంటికొచ్చి బల్ల దించాక ఆయన చొక్కా ముద్దగా తడిసి ఉంది. చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన తాగి, "నిలబడి చూస్కో, ఊగుతాందేమో" అన్నాడు. ఊగలేదు.

ఆదివారం వచ్చింది. అయ్యగారికి సంగతి ఎవరూ చెప్పలేదు, చెప్పే ధైర్యం ఎవరికి ఉంటుంది? ఆయన బైబిలుతో ముందుకు వచ్చి, పుల్పిట్ లేని చోటు చూసి, స్టూళ్ల కోసం వెతుక్కున్నారు. యేసన్న మగవాళ్ల వైపు నుంచి లేచాడు. పెట్టె అడుగు నుంచి తీసిన తెల్ల పంచె కట్టుకుని వచ్చాడు.

"అయ్యగారూ, అది మా కోడలిది. ఆయమ్మకు ఇచ్చేస్తి. మొక్కు నాది, ఇంకా తీరలే. తీరేదాకా స్టూలు వద్దు. బైబిలు నా చేతుల్లో పెట్టండి."

అయ్యగారు బైబిలు తెరిచారు. యేసన్న సంఘానికి వీపు పెట్టి ఆయన ఎదురుగా నిలబడ్డాడు. రెండు చేతులూ చాచి, అరచేతులు పక్కపక్కన పెట్టి, మోచేతులు ఆయన ఛాతీ ఎత్తుకు లేపాడు. తెరిచిన బైబిలు ఆ చేతుల్లో నిలిచింది. అయ్యగారు వంగకుండా చదవడం మొదలుపెట్టారు.

కాసేపు బాగానే ఉంది. తర్వాత ఆడవాళ్ల వైపు కూర్చున్న సువార్తకు మామ వీపు కనిపించింది. భుజాలు వణుకుతున్నాయి. పుస్తకం అంచు కిందికి జారుతోంది, ఆయన మళ్లీ పైకి లేపుతున్నాడు. అందరూ చూస్తున్నారు, ఎవరూ కదలడం లేదు. సువార్త చాప మీద చెయ్యి ఆనించి, నడుము పట్టుకుని లేచింది. నడిచి వెళ్లి మామ పక్కన నిలబడి, ఆయన అరచేతుల కింద తన అరచేతులు పెట్టింది.

యేసన్న తల తిప్పకుండా, పెదవులు కదిలీ కదలకుండా అన్నాడు. "పోమ్మా. పోయి కూసో. నీ నడుము..."

"కూసుంటేనే నొప్పి మామా," అంది సువార్త. "నిలబడితే నాకేం లేదు."